ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క ప్రశ్న

మన హాస్టల్లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా పక్క రూము నుంచి వచ్చే మొదటి సలహా ఒకటే, "ఫార్మాట్ కొట్టెయ్". బ్లూ స్క్రీన్ వచ్చిందా, ఫార్మాట్. స్లో అయిందా, ఫార్మాట్. గేమ్ మధ్యలో దానంతట అదే రీస్టార్ట్ అయిందా, ఫార్మాట్. అసలు ఆన్ అవడమే మానేసిందా, అప్పుడు రెండో సలహా సిద్ధంగా ఉంటుంది, "మదర్‌బోర్డు పోయుంటుంది, కొత్తది తీసుకో". ఈ రెండు సలహాలకీ మధ్యలో చెయ్యాల్సిన పని ఒకటుంది. దాన్ని మనమంతా కలిసి హాయిగా వదిలేశాం. దాని పేరు ట్రబుల్‌షూటింగ్. అచ్చ తెలుగులో చెప్పాలంటే రోగం కనుక్కోవడం. నాలుగేళ్ళు బీటెక్ చదివి మనం సంపాదించుకోవాల్సిన అసలు విద్య అదేనని, దాన్ని నేర్పడానికి చెడిపోయిన డెస్క్‌టాప్‌ని మించిన ల్యాబ్ లేదని నా అభిప్రాయం.

"ఈ రోజుల్లో డెస్క్‌టాప్ ఎవరికుంది?" అని నవ్వేవాళ్ళు ఒక్కసారి చుట్టూ చూడండి. మన ల్యాబుల్లో ఉన్నవన్నీ అవే. ఆఫీసులో మన ఫీజు రసీదు ప్రింటయ్యేది దాన్నుంచే. ఊళ్ళో మీసేవలో, జిరాక్స్ సెంటర్లో, మెడికల్ షాపు కౌంటర్లో ఉన్నదీ అదే. పైగా ల్యాప్‌టాప్‌లో సగం భాగాలు బోర్డుకే అతికించి వస్తున్నాయి. డెస్క్‌టాప్‌కి మాత్రం నాలుగు స్క్రూలు తీస్తే చాలు, లోపలంతా కళ్ళముందుంటుంది. బైపీసీ వాళ్ళకి కప్ప ఎలాగో మనకిది అలాగ. ఇంకా నయం, మళ్ళీ బిగిస్తే ఇది బతుకుతుంది.

సాక్షిని మనమే పంపించేస్తే

ముందు ఈ ఫార్మాట్ సంగతి తేల్చుకుందాం. కంప్యూటర్ క్రాష్ అయినప్పుడు విండోస్ వెళ్తూ వెళ్తూ కొన్ని గుర్తులు వదిలి వెళ్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో టైముతో సహా ఎంట్రీలు ఉంటాయి. బ్లూ స్క్రీన్ వస్తే మినీడంప్ ఫైలు మిగులుతుంది. ఆ గుర్తులన్నీ సాక్ష్యాలు. ఫార్మాట్ కొట్టడమంటే దొంగతనం జరిగిన ఇంటికి పోలీసులు రాకముందే తలుపులు, బీరువాలు శుభ్రంగా కడిగి ముగ్గేసినట్టు.

పోనీ దానివల్ల రోగమైనా పోతుందా అంటే, అది సాఫ్ట్‌వేర్‌లో ఉంటేనే పోతుంది. ర్యామ్‌లో లోపం ఉంటే కొత్త విండోస్ కూడా ఆ ర్యామ్ మీదుగానే ఇన్‌స్టాల్ అవ్వాలి. దాంతో ఫైళ్ళు సగం తప్పుగా రాసుకుని, పాత రోగానికి కొత్త రోగం తోడవుతుంది. హార్డ్ డిస్క్ చివరి దశలో ఉంటే ఇంకా దారుణం. తిరిగి తీసుకోగలిగే ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్ళు ఉన్నచోటే కొత్త డేటా రాసేస్తాం. ఇక ఏ రికవరీ సాఫ్ట్‌వేరూ వాటిని వెనక్కి తేలేదు. ఎస్‌ఎంపీఎస్ బలహీనపడితేనో, ప్రాసెసర్ వేడెక్కుతుంటేనో, ఫార్మాట్ అయిన గంటకే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ఫార్మాట్ ఎప్పుడూ తప్పేనని నేననడం లేదు. వైరస్ పాతుకుపోయినప్పుడు, డేటా బయటికి తీసుకుని డిస్క్ ఆరోగ్యం చూసుకున్నాక, అదే సరైన వైద్యం. కాకపోతే అది వైద్యం. దాన్ని మనం పరీక్షగా వాడుతున్నాం. తేడా అక్కడుంది.

నాలుగు గడపలు

మరి ఏం చెయ్యాలి? నేనైతే మొట్టమొదట ఒకటే ప్రశ్న వేసుకుంటాను. "ఎక్కడ ఆగింది?"

బటన్ నొక్కిన దగ్గర్నుంచి డెస్క్‌టాప్ కనపడే దాకా కంప్యూటర్ నాలుగు గడపలు దాటాలి. మొదటిది కరెంటు. రెండోది పోస్ట్, అంటే తనను తాను పరీక్షించుకునే పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్. మూడోది బూట్ అవ్వాల్సిన డిస్క్‌ని వెతుక్కోవడం. నాలుగోది విండోసో లైనక్సో లోడ్ అవడం. ఏ గడప దగ్గర ఆగిందో తెలిస్తే మిగతా మూడింటి గురించీ చాలావరకు నిశ్చింతగా ఉండొచ్చు. ఉదాహరణకి, మానిటర్ మీద కంపెనీ లోగో కూడా రాకుండా ఆగిందంటే విండోస్ ఇంకా సీన్‌లోకే రాలేదు. అక్కడ విండోస్‌ని ఫార్మాట్ చేద్దామనడం, బస్సు డిపోలోంచి కదలకపోతే డ్రైవర్ని మార్చకుండా దిగే స్టాపులో కండక్టర్ని మార్చినట్టే.

మొదటి గడప దగ్గర ఆగితే, అంటే ఫ్యానే తిరగకపోతే, చూడాల్సినవి చవకైనవే. గోడ ప్లగ్గు, యూపీఎస్, పవర్ కేబుల్, ఎస్‌ఎంపీఎస్ వెనకున్న స్విచ్, క్యాబినెట్ బటన్ నుంచి బోర్డుకి వెళ్ళే సన్నటి వైరు. మల్టీమీటర్ ఉంటే పసుపు వైరుకీ నల్ల వైరుకీ మధ్య కొలవండి. అక్కడ 12 వోల్టులు ఉండాలి. ఐదు శాతం అటూ ఇటూ పర్వాలేదు, అంటే 11.4 నుంచి 12.6 దాకా. ఆన్ చేసినప్పుడు సరిగ్గా ఉండి, లోడు పడగానే కిందికి జారుతుంటే దొంగ దొరికినట్టే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని ఎప్పుడూ విప్పొద్దు. 230 వోల్టుల ఏసీని రెక్టిఫై చేస్తే పీక్ దాదాపు 325 వోల్టులు వస్తుందని ట్రిపుల్ఈ వాళ్ళకి చెప్పక్కర్లేదు. కొన్ని డబ్బాల్లో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్‌లో అది కాసేపు కాచుకుని ఉంటుంది.

రెండో గడప దగ్గర, అంటే ఫ్యాన్లు తిరుగుతున్నా స్క్రీన్ నల్లగానే ఉంటే, పోస్ట్ దాటలేదని అనుమానించాలి. కొత్త బోర్డుల మీద నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్. ఏ లైటు దగ్గర ఆగిపోతే అనుమానం అక్కడ. పాత బోర్డులైతే బీప్ శబ్దాలతో చెప్తాయి. ఏ బీప్‌కి ఏ అర్థమో బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది. ఏమీ లేకపోతే ఇంటికి చుట్టాలు ఎక్కువైనప్పుడు చేసే పనే ఇక్కడా చెయ్యాలి. ఒక్కొక్కళ్ళనీ సాగనంపాలి. గ్రాఫిక్స్ కార్డు, డిస్కులు, యూఎస్‌బీలు అన్నీ తీసేసి బోర్డు, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ స్టిక్, ఎస్‌ఎంపీఎస్ మాత్రమే ఉంచి చూడండి. అప్పుడు బతికితే ఒక్కోటీ తిరిగి పెట్టుకుంటూ రండి. ఒక చిక్కుంది. కొన్ని ప్రాసెసర్లలో సొంత గ్రాఫిక్స్ ఉండదు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ అని ఉన్నవి అలాంటివే. వాటికి కార్డు తీసేస్తే స్క్రీన్ ఎలాగూ రాదు. డీడీఆర్5 ర్యామ్ మార్చాక మొదటిసారి ఆన్ చేస్తే కొన్ని బోర్డులు మెమరీ ట్రైనింగ్ కోసం కొన్ని నిమిషాలు నల్ల స్క్రీన్‌తోనే కూర్చుంటాయి. ఓపిక పట్టకుండా కట్టేస్తే ఆ పని మళ్ళీ మొదట్నుంచి మొదలవుతుంది.

మూడో గడప దగ్గర "బూటబుల్ డివైస్ లేదు" అన్న మెసేజ్ వస్తుంది. వెంటనే డిస్క్ పోయిందని గుండెలు బాదుకోవద్దు. ముందు తేదీ చూడండి. కంప్యూటర్ గడియారం ఏళ్ళ తరబడి వెనక్కి వెళ్ళిపోయి ఉంటే బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందని అర్థం. కరెంటు పోయినప్పుడల్లా బయోస్ తన సెట్టింగులు మర్చిపోతుంది. బూట్ మోడ్, డిస్క్ మోడ్ మారిపోతాయి. విండోస్ తన ఇంటి అడ్రసు తనే కనుక్కోలేకపోతుంది. వాచీ రిపేరు షాపులో దొరికే బిళ్ళ మార్చి, సెట్టింగులు సరిచేస్తే అయిపోయే పని. ఫార్మాట్ కొడితే పోయేది డేటా. బ్యాటరీ మాత్రం అలాగే ఉంటుంది.

నాలుగో గడప దగ్గర, అంటే విండోస్ మొదలై క్రాష్ అవుతుంటే, సీఎస్ఈ వాళ్ళకి తెలిసిన బైనరీ సెర్చే ఇక్కడ ఆయుధం. ఒక పెన్‌డ్రైవ్‌లో లైవ్ లైనక్స్ వేసుకుని దాన్నుంచి బూట్ చేసి గంటసేపు బాగా పని చేయించండి. అక్కడా క్రాష్ అయితే తప్పు హార్డ్‌వేర్‌దని దాదాపు తేలినట్టే. అక్కడ నిలబడితే అనుమానం విండోస్ మీదకీ, అది ఉన్న డిస్క్ మీదకీ జరుగుతుంది. ఒక్క పరీక్షతో సగం అనుమానితులు ఇంటికెళ్ళిపోయారు చూశారా? పైగా ఆ లైనక్స్‌లోంచే మీ ఫైళ్ళు ఇంకో డిస్క్‌కి కాపీ చేసుకోవచ్చు. గేమ్ ఆడినప్పుడే క్రాష్ అయితే వేడి, పవర్ సంగతి చూడండి. ప్రతిసారీ వేరే వేరే బ్లూ స్క్రీన్ కోడ్ వస్తుంటే ర్యామ్‌ని అనుమానించండి. బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆపేసి, మెమ్‌టెస్ట్86 ప్లస్ రాత్రంతా నడపండి. అందులో ఒక్క ఎర్రర్ వచ్చినా ఎక్కువే.

వీటన్నిటికీ కలిపి నియమం ఒక్కటే. ఒకసారికి ఒక్క మార్పే. ర్యామ్ తీసి పెట్టి, డ్రైవర్ అప్‌డేట్ చేసి, బయోస్ రీసెట్ చేసి, అన్నీ ఒకేసారి కానిస్తే కంప్యూటర్ బాగుపడొచ్చు. ఏది చేస్తే బాగుపడిందో మాత్రం మీకెప్పటికీ తెలీదు. వచ్చే నెల అది మళ్ళీ వస్తే మీరు మళ్ళీ సున్నా దగ్గరే.

మా పిన్ని చెప్పిన సమాధానం

ఇదంతా పుస్తకాల మాటలా అనిపిస్తే ఒక అనుభవం చెప్తాను. మా పిన్ని తణుకులో చిన్న జిరాక్స్ సెంటర్ నడుపుతుంది. ఆరేడేళ్ళ కిందటి అసెంబుల్డ్ పీసీ. పెళ్ళికార్డుల డిజైన్లు, స్కూలు ఐడీ కార్డుల ఫొటోలు, జనాల అప్లికేషన్లు అన్నీ దాంట్లోనే. మొన్న ఏప్రిల్లో అది మధ్య మధ్యలో ఆగిపోవడం మొదలైంది. మే నెలకి విండోస్ లోగో కూడా దాటడం లేదు. రిపేరు చేసేవాళ్ళకి చూపిస్తే బోర్డు పోయింది, పన్నెండు వేలవుతుంది, డేటా తీయాలంటే వేరే అన్నారట. జూన్‌లో అడ్మిషన్ల సీజన్. ఆమెకి ఏడాది సంపాదనలో పెద్ద ముక్క ఆ నెలదే.

"ఇంజనీరింగ్ చదువుతున్నావు కదే, ఒకసారి చూడకూడదూ" అంది. నేను స్క్రూడ్రైవర్ తీయకుండా ముందు అడిగాను, "ఎప్పుడెప్పుడు ఆగిపోతుంది పిన్నీ?" అని. ఆమె చెప్పింది ఇదీ: "పొద్దున్నే మొదటిసారి వేస్తే కాసేపుంటుందే. పోయిన వెంటనే మళ్ళీ వేస్తే అర నిమిషం కూడా ఉండదు. టీ తాగొచ్చి వేస్తే మళ్ళీ కాసేపుంటుంది."

అంతే. కంప్యూటర్ గురించి ఏమీ తెలీదనుకునే ఆమె రోగం పేరు తప్ప మిగతాదంతా చెప్పేసింది. చల్లగా ఉంటే ఎక్కువసేపు, వేడిగా ఉంటే తక్కువసేపు. దాన్ని తేల్చుకోవడానికి కంప్యూటర్‌ని విండోస్‌లోకి పోనివ్వకుండా బయోస్ స్క్రీన్‌లోనే ఉంచాం. ప్రాసెసర్ ఉష్ణోగ్రత అక్కడ కనపడుతుంది. 60, 70, 85... అలా ఎక్కుతూ వెళ్ళి వందకి దగ్గర పడగానే టప్పున ఆగిపోయింది. విండోస్ తప్పేం లేదని అక్కడే రుజువైంది. మూత తీసి చూస్తే ప్రాసెసర్ మీది కూలర్‌కి ఉండే నాలుగు పిన్నుల్లో ఒకటి బోర్డులోంచి పైకి లేచిపోయి ఉంది. థర్మల్ పేస్టు ఎండిన సున్నంలా పొడి రాలుతోంది. దుమ్ము సంగతి సరేసరి. పాత పేస్టు తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టి, పిన్ను మళ్ళీ బిగించాం. మొత్తం ఖర్చు మూడొందలు దాటలేదు. ఆన్ అవగానే చేసిన మొదటి పని మాత్రం డేటా అంతా ఇంకో డిస్క్‌కి కాపీ చేయడం.

ఇందులో నా గొప్పేమీ లేదు. సమాధానం పిన్ని దగ్గరే ఉంది. ఎవరూ అడగలేదు, అంతే. రిపేరు చేసేవాళ్ళని కూడా నేను తప్పుపట్టను. బల్ల మీద ఇరవై పీసీలు వరసలో ఉంటే ఒక్కోదాని చరిత్ర వినే తీరిక ఎవరికుంటుంది? వాళ్ళ టైముకన్నా కొత్త బోర్డే చవక. కానీ మా పిన్ని లెక్కలో అది చవక కాదు. మన ఇళ్ళల్లో చాలామంది లెక్క మా పిన్ని లెక్కే. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు కూడా "జ్వరం పగలొస్తుందా, రాత్రొస్తుందా? చలి ఉందా?" అని అడిగాకే మందిస్తాడు. ఇంజనీరు ఆ మాత్రం అడగలేడా?

పెద్దవాళ్ళకీ తప్పని తంటాలు

ఇది జిరాక్స్ సెంటర్ స్థాయి గొడవే అనుకోకండి. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్ల సంగతే తీసుకోండి. ఆ చిప్పులున్న చాలామందికి గేములు మొదలవుతూనే క్రాష్ అయ్యేవి. స్క్రీన్ మీద మెసేజ్ ఏమో వీడియో మెమరీ చాల్లేదని. మెసేజ్ చదివినవాళ్ళంతా గ్రాఫిక్స్ కార్డుని తిట్టుకున్నారు, డ్రైవర్లు మార్చారు, కొందరు కార్డులే మార్చారు. అసలు దోషి ప్రాసెసర్. గేము షేడర్లని డీకంప్రెస్ చేసేటప్పుడు అది తప్పు లెక్కలు చేస్తుంటే, ఆ తప్పు వేరే పేరుతో పైకి తేలింది. 2024లో ఇంటెల్ కారణం ఒప్పుకుంది. చిప్‌కి అవసరానికి మించి వోల్టేజి వెళ్తోందని చెప్పి ఆగస్టులో మైక్రోకోడ్ అప్‌డేట్ ఇచ్చింది. వారంటీ ఇంకో రెండేళ్ళు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని మాత్రం ఆ అప్‌డేట్ బాగుచేయలేదు. ఎర్రర్ మెసేజ్ చెప్పేది నొప్పి ఎక్కడుందో. గాయం ఎక్కడుందో మనమే వెతుక్కోవాలి.

అలాంటిదే ఈవెంట్ వ్యూయర్‌లో కనపడే కెర్నల్ పవర్ 41. అది చూడగానే "ఎస్‌ఎంపీఎస్ పోయింది" అని తేల్చేసేవాళ్ళు మనలో చాలామంది. అది చెప్పేది ఒక్కటే, కిందటిసారి కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని. చనిపోయిన మనిషి సర్టిఫికెట్లో కారణం కింద "ఊపిరి ఆగింది" అని రాసినట్టుంటుంది.

ఇంకో ఉదాహరణ అందరికీ గుర్తుండేదే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా విండోస్ యంత్రాలు బ్లూ స్క్రీన్‌లో పడి, లేచి, మళ్ళీ పడ్డాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల యంత్రాలు. మన హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఆ రోజు ప్రపంచంలో ఎవరూ 85 లక్షల యంత్రాల్ని ఫార్మాట్ కొట్టమనలేదు. ఎక్కడ ఆగుతోందో చూశారు. నాలుగో గడప దగ్గర, ఒక డ్రైవర్ లోడ్ అవుతుండగా. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఒక్క ఫైలు తీసేస్తే చాలని తేలింది. కానీ చాలాచోట్ల బిట్‌లాకర్ అడ్డొచ్చింది. 48 అంకెల రికవరీ కీ లేనిదే డిస్క్ తెరుచుకోదు. మందు తెలిసినా బీరువా తాళం కోసం రోజులు పట్టింది. మీ విండోస్‌లో ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉందో లేదో ఇవాళే చూసుకోండి. ఉంటే ఆ కీ రాసి పెట్టుకోండి, అదే కంప్యూటర్‌లో మాత్రం కాదు.

రికార్డు రాయడం, రికార్డు నింపడం

ఇక మన చదువు సంగతి. కొన్నేళ్ళ కిందటి జేఎన్‌టీయూ ఫస్టియర్ ఐటీ వర్క్‌షాప్ సిలబస్ దొరికితే తిరగేయండి. బూట్ కాని ఒక పీసీని విద్యార్థికిచ్చి, లోపం కనిపెట్టించి, బాగు చేయించాలన్న ఎక్సర్‌సైజ్ అందులో ఉంది. చూసి నాకు ఎంత ముచ్చటేసిందో! నేను అడుగుతున్నది కొత్తదేం కాదు, పెద్దలు ఎప్పుడో రాసి పెట్టిందే. అయితే మనలో ఎంతమంది చేత్తో చేశాం? చాలాచోట్ల ఆ ఎక్సర్‌సైజ్ రికార్డులో పొందిగ్గా రాసిన రెండు పేజీలుగా మిగిలిపోయింది. పీసీ ముట్టుకోకుండానే "ర్యామ్ సరిగా అమర్చుట ద్వారా సమస్య పరిష్కరించబడినది" అని అందరి రికార్డుల్లోనూ ఒకే వాక్యం. అరవైమంది పీసీలకీ ఒకే రోగం వచ్చి, ఒకే రోజు తగ్గిందన్నమాట.

రికార్డు అన్న మాటకి అసలు అర్థం అది కాదు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ రిలేలో ఒక చిమ్మట ఇరుక్కుంది. పనిచేస్తున్నవాళ్ళు దాన్ని తీసి, లాగ్‌బుక్‌లో టేపుతో అతికించి, పక్కనే ఏ ప్యానెల్, ఏ రిలే, ఎన్నిగంటలకి అని రాసిపెట్టారు. గ్రేస్ హాపర్ ఈ కథని ఎన్నోసార్లు చెప్పి ప్రసిద్ధం చేసింది. బగ్ అన్న మాట అంతకుముందే ఉంది కానీ, నన్ను ఆకట్టుకునేది ఆ పురుగు కాదు, ఆ పేజీ. ఏం చూశారో, ఎప్పుడు చూశారో, ఎక్కడ చూశారో, అప్పటికప్పుడు రాశారు. అందుకే ఆ పేజీ ఇవాళ అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. మన రికార్డులు సెమిస్టర్ అవగానే పాత పేపర్లవాడి తూకంలో ఉంటాయి.

నా ప్రతిపాదన చిన్నది. కాలేజీ స్టోర్‌రూములో తీసి పడేసిన పీసీలు ఎన్నో ఉంటాయి. వాటిని ఈ-వేస్ట్‌కి పంపేముందు ఒక పది మాకివ్వండి. ప్రతి పీసీలో సీనియర్లు ఒక లోపం దాచిపెడతారు. ఒకదాంట్లో ప్రాసెసర్ పవర్ కేబుల్ ఊడదీసి, ఇంకోదాంట్లో అయిపోయిన బ్యాటరీ పెట్టి, మరోదాంట్లో బూట్ ఆర్డర్ మార్చి. ముగ్గురు ముగ్గురు ఒక జట్టు. మార్కులు బాగుచేసినందుకు కాదు, రాసినదానికి. ఏం చూశాం, ఏం అనుమానించాం, ఏ ఒక్క మార్పు చేశాం, ఏమైంది, దాన్నిబట్టి ఏ అనుమానం కొట్టేశాం. ఈ ఐదు గళ్ళ పట్టిక నింపితే చాలు. బాగుపడకపోయినా పట్టిక సరిగ్గా ఉంటే పూర్తి మార్కులు ఇవ్వాలి.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. "ఏఐని అడిగితే చెప్పేస్తుంది కదా?" చెప్తుంది. "పీసీ ఆన్ అవట్లేదు" అని అడిగితే పన్నెండు కారణాల జాబితా ఇస్తుంది. పన్నెండూ నిజమే. అందులో మీది ఏదో తేల్చడానికి ఫ్యాన్ తిరిగిందా, లైటు ఏ రంగులో ఉంది, వేడెక్కాక ఆగిందా ముందేనా అన్నవి మీరే చూసి చెప్పాలి. అది మీ రూములో లేదు, మీరున్నారు. పరిశీలన సరిగ్గా ఇస్తే అదే ఏఐ మంచి తోడు. "రేపే ప్లేస్‌మెంట్ టెస్ట్, ఇంత టైమెక్కడిది?" అంటే, సరే, ఆ పూటకి ఫ్రెండు ల్యాప్‌టాప్ అడగండి. తొందరలో తీసుకున్న నిర్ణయాల్లోనే డేటా పోయేది. "వారంటీ ఉంది కదా?" ఉంటే వాడుకోండి, కానీ ఏం జరుగుతోందో రాసుకుని వెళ్ళండి. ఏ లోడులో, ఎన్ని నిమిషాలకి, ఏ కోడ్‌తో ఆగిందో చెప్పగలిగిన కస్టమర్‌ని "ఫార్మాట్ చేసి చూడండి" అని వెనక్కి పంపడం అంత తేలిక కాదు.

ఎక్కడ ఆపాలో తెలియడం కూడా ఈ విద్యలో భాగమే. డిస్క్ టకటకమని చప్పుడు చేస్తుంటే, దాంట్లో మళ్ళీ దొరకని డేటా ఉంటే, ఆపేసి నిపుణులకి ఇవ్వండి. ప్రతి ఆన్ దాని ఆయుష్షు తగ్గిస్తుంది. బోర్డు కాలిన వాసనొస్తే, కెపాసిటర్లు ఉబ్బి ఉంటే, అప్పుడు "బోర్డు పోయింది" అనండి. అప్పుడా మాట ఊహ కాదు, చూసి చెప్పిన మాట.

రేపు మనలో ఎక్కువమంది డెస్క్‌టాపులు బాగుచెయ్యం. సర్వర్లో, సబ్‌స్టేషన్లో, బ్రిడ్జిలో, ఎవరి బ్యాంకు ఖాతానో నడిపే కోడో మన చేతికొస్తుంది. ఒకరోజు అది ఆగిపోతుంది. అప్పుడు చుట్టూ జనం "రీస్టార్ట్ చెయ్, మార్చెయ్, కొత్తది తెచ్చెయ్" అంటుంటే, నిదానంగా నిలబడి "ఎక్కడ ఆగింది? చివరిసారి ఎప్పుడు బాగా పనిచేసింది? ఈలోపు ఏం మారింది?" అని అడిగే మనిషి ఒకళ్ళు కావాలి. ఆ మనిషిగా తయారవడానికి మనకి దొరికే చవకైన అవకాశం ఈ మూలన పడున్న పీసీలే.

కాబట్టి మిత్రులారా, మీ రూములోనో ఇంట్లోనో బూట్ కాకుండా పడున్న డెస్క్‌టాప్ ఉంటే సెలవుల్లో దాని దుమ్ము దులపండి. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ప్లగ్గు తీసి, క్యాబినెట్ ఇనుముని ఒకసారి ముట్టుకుని, ఒంట్లో ఉన్న స్టాటిక్ దింపుకుని మొదలుపెట్టండి. మీ ఐదు గళ్ళ పట్టికని మన పత్రికకి పంపండి. బాగుపడినవీ, బాగుపడనివీ రెండూ. వచ్చే సంచికలో వాటికి రెండు పేజీలు కేటాయించమని సంపాదకవర్గాన్ని నేను అడుగుతాను.